పాత సాంచ, కొత్త పట్టా



పోయిన దీపావళికి కొద్దిరోజుల ముందు పూర్వభాగంలో టవళ్ల కార్ఖానా నడిపే మనవాడొకడు సంఘం ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ఒక కాగితం. ఏడు కొత్త కంప్యూటర్లకు దుకాణంవాళ్లు రాసిచ్చిన ధరల పట్టీ అది. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు. "కాకా, ఉన్న ఏడు డబ్బాలూ పారేయాల్నట. విండోస్ 10 అయిపోయిందట, కొత్తది వీటి మీద ఎక్కదట. సాంచెలు ఆర్నెల్ల సంది సగమే నడుస్తున్నయి. నేనేడికెల్లి తేవాలె?"

వాళ్లు అతనికి చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కూడా వాళ్ల జాబితాలో ఉండాలి. అతని కంప్యూటర్లు 2010 నుంచి 2014 మధ్య కొన్నవి. అన్నీ తెరుచుకుంటాయి, అన్నీ పనిచేస్తాయి. అయినా వాటి కాలం తీరిందన్నారు.

మేము ఆ కాగితం పక్కన పెట్టి ఒక్కటే అడిగాం. "నీ కార్ఖానాలో సాంచెలు ఎప్పటివి?" నవ్వాడు. కొన్ని అతని తాతగారు కొన్నవి. అవి అప్పటికే పాతవి. ఏ మిల్లువాళ్లో వదిలించుకుంటే బండి మీద ఎత్తుకొచ్చినవి. ఇవ్వాళ్టికీ వాటి మీదే టవల్ దిగుతోంది.

ఆ తర్వాత రెండు నెలలు ఏం జరిగిందో చెప్పేముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. ఎందుకంటే మేము చేసింది మా తెలివి కాదు. కంప్యూటర్ పుట్టిన తొలిరోజుల నుంచి ఉన్న పద్ధతి అది. ఇంకా వెనక్కి పోతే, మన మిల్లుల్లో మన ముత్తాతలు కళ్లారా చూసిన పద్ధతి.

షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1877లో మొదలైంది. తర్వాత ఊళ్లో వేరే మిల్లులు వచ్చాక దాన్ని అందరూ 'జునీ మిల్' అన్నారు, పాత మిల్లు అని. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి కరువుకో, బతుకుదెరువుకో వచ్చిన మన పద్మశాలీ కుటుంబాల్లో ఎంతోమంది ఈ ఊరి మిల్లుల గేట్ల ముందు నిలబడినవాళ్లే. ఆవిరితో నడిచే ఆ కాలపు బట్టల మిల్లుల్లో సాంచకు సొంత బలం ఉండేది కాదు. ఒక పక్క ఇంజిన్ గది. ఆ ఇంజిన్ తిప్పే పొడవాటి ఇనుప కడ్డీ షెడ్డు పైకప్పు కింద ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ ఉండేది. దాని మీద వరుసగా చక్రాలు. ఒక్కో చక్రం నుంచి ఒక్కో తోలు పట్టా కిందికి దిగి ఒక్కో సాంచను నడిపేది. నేతగాడు పట్టాను పక్కనున్న వదులు చక్రం మీదికి జరిపితే అతని సాంచ ఆగేది, వెనక్కి జరిపితే మళ్లీ నడిచేది. పక్క సాంచకు ఏమీ కాదు. బలం ఒక చోట, పని వంద చోట్ల. మధ్యలో ఉన్నది పట్టా ఒక్కటే.

ఆ పద్ధతికి రెండు ముఖాలు. సాంచ చవక, బాగుచేయడం తేలిక. ఖరీదైన ఇంజిన్‌ను ఒక్క గదిలో, తెలిసిన మనిషి చేతిలో జాగ్రత్తగా చూసుకోవచ్చు. కానీ ఇంజిన్ ఆగిన రోజు షెడ్డంతా ఆగుతుంది. ఈ రెండో ముఖాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

తర్వాత కరెంటు వచ్చింది. సాంచకో మోటారు వచ్చింది. అప్పుడే నాలుగు సాంచెలు ఇంట్లో పెట్టుకుని చిన్నవాడు కూడా కార్ఖానాదారు కాగలిగాడు. మహారాష్ట్రలోని పవర్‌లూమ్ పట్టణాల్లో తొలి సాంచెల్లో చాలా భాగం మిల్లులు పనికిరావని అమ్మేసిన పాతవే. మిల్లు లెక్కలో తుక్కు. మన లెక్కలో బతుకు. మనం ఇవ్వాళ గొప్పగా చెప్పుకునే ఈ ఊరి నేత పరిశ్రమ చాలావరకు సెకండ్ హ్యాండ్ యంత్రాల మీద లేచిందే.

చద్దరు మీద పువ్వు ఎలా వస్తుందో మన ఇళ్లలో చిన్నపిల్లకూ తెలుసు. జకార్డు. ఫ్రాన్స్‌లోని లియాన్ పట్టణపు జకార్డు అనే ఆయన 1804 నాటికి తయారుచేసిన పద్ధతి. చిల్లులు పెట్టిన అట్టముక్కలను దండలా కుట్టి సాంచ నెత్తిన వేలాడదీస్తారు. చిల్లు ఉన్న చోట ఒక దారం లేస్తుంది, లేని చోట లేవదు. పువ్వు మార్చాలంటే సాంచ మార్చనక్కర్లేదు, అట్టల దండ మారిస్తే చాలు. అంటే ఏం నేయాలో తెలిసింది సాంచకు కాదు, అట్టకు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఈ అట్టల ఆలోచననే తీసుకున్నాడు. అమెరికాలో హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతో 1890 జనాభా లెక్కలు తేల్చాడు. అతని కంపెనీ మరికొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది. కంప్యూటర్ వంశవృక్షంలో మగ్గం ఉందని మనం చెప్పుకుంటే అది వట్టి గొప్ప కాదు.

ఇక అసలు కథ. 1950లలో కంప్యూటర్ అంటే ఒక పెద్ద గదిని నింపే యంత్రం. దాని ధర ఒక మిల్లు ధరకు తక్కువేం కాదు. ఒక్కొక్కరి పని వరుసగా పెట్టేవారు. ఒకరి కార్డులు అయ్యాకే ఇంకొకరివి. చిన్న తప్పుంటే మరునాడు గానీ తెలిసేది కాదు. 1961 నవంబర్‌లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో, ఆయన బృందం ఒక కొత్త పద్ధతి చూపించారు. యంత్రం ఎంత వేగంగా పనిచేస్తుందంటే, మనిషి ఒక అక్షరం కొట్టి ఇంకో అక్షరం కొట్టేలోపు అది మరో నలుగురి పని అందుకోగలదు. అందుకని సెకనును ముక్కలు చేసి తలా ఒక ముక్క పంచారు. ప్రతి మనిషికీ యంత్రమంతా తనదే అనిపిస్తుంది. దీన్ని టైమ్ షేరింగ్ అన్నారు. అదే ఏడాది జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త, టెలిఫోను ఇంటింటికీ అందినట్టే కంప్యూటర్ బలం కూడా తీగ మీద జనానికి అందే రోజు రావచ్చన్నాడు. పైకప్పు కింద తిరిగే కడ్డీ, దాని నుంచి దిగే పట్టాలు. మన మిల్లు షెడ్డే.

పట్టా చివర ఉండే దాన్ని టెర్మినల్ అన్నారు. మొదట టైపు మిషన్ లాంటిది, తర్వాత తెర ఉన్నది. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100 ఎంతగా పాతుకుపోయిందంటే, ఈ రోజుకీ లైనక్స్‌లో నల్లటి టెర్మినల్ కిటికీ తెరిస్తే లోపల దాని భాషే నడుస్తుంది. ఆ పెట్టెకు ఆలోచన లేదు. మీట నొక్కితే ఆ సంగతి అవతలికి పంపుతుంది. అవతలి నుంచి వచ్చిన అక్షరాన్ని తెర మీద చూపిస్తుంది. అంతే.

ఇదంతా మనకు తెలియని దూరదేశపు ముచ్చట కాదు. రైలు టికెట్ కోసం కిటికీ ముందు నిలబడ్డ వాళ్లందరికీ తెలిసిందే. 1986లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. అప్పటి ప్రభుత్వ సంస్థ సీఎంసీ రాసిన ప్రోగ్రామ్ అది. తర్వాత కొన్నేళ్లలో బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ కేంద్రాలు వచ్చాయి. కిటికీ వెనక గుమాస్తా ముందున్నది వట్టి టెర్మినల్. ఏ బండిలో ఏ బెర్తు ఖాళీయో ఆ పెట్టెకు తెలియదు. ఎక్కడో కేంద్రంలో ఉన్న పెద్ద యంత్రానికి తెలుసు. అంతకుముందు ఒక్కో బండికి ఒక్కో రిజిస్టరు, ఆ రిజిస్టరు ఉన్న కిటికీకే మనం పోవాలి. ఏ కిటికీలో అయినా ఏ బండి టికెట్ అయినా ఇవ్వగలిగారంటే, లెక్క ఒక్క చోట ఉండబట్టే.

మరి ఈ పద్ధతి మన దుకాణాలకు ఎందుకు రాలేదు? ఎందుకంటే 1981లో ఐబీఎం పీసీ వచ్చింది. సాంచకో మోటారు వచ్చినట్టే మనిషికో కంప్యూటర్ వచ్చింది. చిన్నవాడికి అది నిజమైన స్వాతంత్ర్యమే, కాదనలేం. ఒక పీసీ, ఒక ప్రింటరు, ఒక లెక్కల ప్రోగ్రామ్ ఉంటే కార్ఖానా ఆఫీసు నడిచిపోయింది. కానీ ఒకటి రెండై, రెండు ఏడయ్యాక కొత్త బాధ మొదలైంది. ఏడు డిస్కులు, ఏడు వైరస్‌లు, ఏడు రకాల తాజా మార్పులు. గోదాము కంప్యూటర్లో ఉన్న స్టాకుకూ ఆఫీసు కంప్యూటర్లో ఉన్న స్టాకుకూ పొంతన ఉండదు. నాలుగైదేళ్లకోసారి ఏడు మోటార్లూ మార్చమంటారు.

ఈ బాధ పెద్ద కంపెనీలకు ముందే తెలిసింది. 1995లో సిట్రిక్స్ అనే కంపెనీ ఒక విండోస్ యంత్రాన్ని పలువురు ఒకేసారి దూరం నుంచి వాడుకునే ఏర్పాటు అమ్మింది. 1996లో ఒరాకిల్, సన్, ఐబీఎం, ఆపిల్, నెట్‌స్కేప్ కలిసి 'నెట్‌వర్క్ కంప్యూటర్' అనే చవక పెట్టెకు నమూనా ప్రకటించాయి. ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ దాన్ని 500 డాలర్లకే అందిస్తామన్నాడు. అది నిలబడలేదు. మామూలు పీసీల ధరే పడిపోయింది, నెట్‌వర్క్ వేగం ఇంకా చాలలేదు. 1998లో మైక్రోసాఫ్ట్ తానే టెర్మినల్ సర్వర్ తెచ్చింది. 1999లో సన్ కంపెనీ 'సన్ రే' అనే పెట్టె తెచ్చింది. కార్డు తీసి వేరే బల్ల దగ్గర గుచ్చితే ఆగిన చోటి నుంచి పని మళ్లీ మొదలయ్యేది. ఇలాంటి పెట్టెలకే 'థిన్ క్లయింట్' అని పేరు. సన్నటి పెట్టె అని కాదు, దాని మీద పని భారం సన్నగా ఉంటుందని.

ఇవన్నీ కొత్త పెట్టె కొనమనేవే. పాత పెట్టెను తిరిగి నిలబెట్టే దారిని కూడా 1999లోనే జిమ్ మెక్‌క్విలన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ వేశాడు. దాని పేరు లైనక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్, పొట్టిగా ఎల్‌టీఎస్‌పీ. ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. ఆ రోజుల్లో 32 ఎంబీ జ్ఞాపకశక్తి ఉన్న పాత పెంటియం కూడా దానికి చాలేది. అమెరికాలోని ఓరెగాన్ బడులు ఆఫీసులు వదిలేసిన కంప్యూటర్లతో గదులు నింపుకున్నాయి. నార్వేలో, గ్రీసులో బడులు ఈ దారి పట్టాయి. 2019లో ఆ ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి తిరగరాసింది కూడా గ్రీసు బడుల కంప్యూటర్లు చూసుకునే ఆల్కిస్ జియోర్గోపులోస్. డబ్బు తక్కువ, యంత్రాలు పాతవి, పని మాత్రం ఆగకూడదు. ఇలాంటి చోట్లే ఈ పద్ధతి బతికింది.

ఇది ఎలా నడుస్తుందో నాలుగు మాటల్లో. మామూలు కంప్యూటర్ మీట నొక్కగానే తన డిస్కులో విండోస్ కోసం వెతుకుతుంది. డిస్కు తీసేసి, నెట్‌వర్క్ నుంచి మొదలుపెట్టమని సెట్టింగు మారిస్తే, అది కేబులు మీద 'నేను లేచాను, నాకు చిరునామా ఎవరిస్తారు?' అని కేక వేస్తుంది. సర్వర్ దానికి ఒక చిరునామా ఇచ్చి, మొదటి ముక్క ప్రోగ్రామ్ పంపుతుంది. పీఎక్స్ఈ అనే ఈ పద్ధతి 1990ల చివరి నుంచి కంప్యూటర్లలో పుట్టుకతోనే ఉంటోంది. అక్కడి నుంచి చిన్న లైనక్స్ లేచి, సర్వర్ మీద మన పేరుతో ఒక గది తెరుస్తుంది. మనం మీటలు కొడతాం, అవి అటు పోతాయి. తెరలో మారిన భాగం ఇటు వస్తుంది. లెక్క మొత్తం అక్కడే. పట్టా తెగితే మన బల్ల ఆగుతుంది. లెక్క పోదు.

ఇది మాకు పుస్తకంలో చదివిన సంగతి కాదు. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ఆగినప్పుడు సంఘం కంప్యూటర్ క్లాసులో ఎనిమిది పెంటియం 4 పెట్టెలు ఉండేవి. కొనే శక్తి లేదు. పిల్లలకు ఎండాకాలం క్లాసులు ఆపలేం. అప్పుడు ఎల్‌టీఎస్‌పీ పెట్టాం. ఒక మంచి యంత్రం కొని, ఎనిమిదింటినీ దానికి కట్టాం. నాలుగేళ్లు నడిచాయి. తెలుగు, మరాఠీ టైపింగ్ అంతా వాటి మీదే నేర్పాం. చివరికి వాటిని చంపింది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బి ఒక్కొక్కటే రాలిపోయాయి. అది వాటి సహజ మరణం.

కాబట్టి కార్ఖానాదారు వచ్చినప్పుడు మాకు దారి తెలుసు. అతని దగ్గరికి పోయి ముందు ఏడు పెట్టెలూ విప్పి చూశాం. రెండింటి బోర్డులు ఉబ్బాయి, వాటిని తుక్కుకే రాశాం. మిగిలిన ఐదూ గట్టివి. దుమ్ము దులిపి, ఫ్యాన్లు మార్చి, డిస్కులు బయటికి తీశాం. ఆఫీసులో రెండు, గోదాములో రెండు, దుకాణంలో ఒకటి. ఆఫీసు, దుకాణం, గోదాము ఒకే గోడలో ఉన్నాయి కనుక కేబులు వేయడం తేలికైంది.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. అతని లెక్కలు టాలీలో ఉన్నాయి, టాలీకి విండోస్ కావాలి. సంఘం గదిలో లాగా అంతా ఉచిత లైనక్స్‌తో అయిపోలేదు. ఒక కొత్త సర్వర్, దానికి విండోస్ సర్వర్ లైసెన్సు, దాన్ని దూరం నుంచి వాడే ఒక్కో మనిషికి విడి లైసెన్సులు, టాలీలో పలువురు ఒకేసారి పనిచేసే గోల్డ్ లైసెన్సు. ఇవన్నీ కొనాల్సిందే. మామూలు విండోస్‌ను ఏవో చిట్కాలతో ఐదుగురికి తెరిచే దారులు యూట్యూబులో కనిపిస్తాయి. అది లైసెన్సుకు విరుద్ధం. జీఎస్టీ నంబరు ఉన్న వ్యాపారం అలాంటి దాని మీద నిలబడకూడదని గట్టిగా చెప్పాం. పాత పెట్టెల్లో లేచే లైనక్స్ మాత్రం ఉచితం. అన్నీ కలిపి చూస్తే కొత్త ఏడింటికి చెప్పిన దాంట్లో మూడో వంతు మిగిలింది. మేము ఇంకా ఎక్కువ మిగులుతుందనుకున్నాం. ఉన్నమాట చెబుతున్నాం.

డబ్బు కన్నా పెద్ద లాభం మేము ఊహించని చోట దొరికింది. గోదాములో లారీ చిట్టీలు కొట్టేది ఒక పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. మూడు కార్బన్ కాపీలు ఒకేసారి పడాలంటే సూది గుద్దాల్సిందే, లేజర్ ప్రింటరుకు అది చేతకాదు. దాని తీగ వెడల్పాటి పాత పోర్టులో గుచ్చాలి. ఆ పోర్టు కొత్త కంప్యూటర్లలో లేదు. పాత పెట్టె వెనక ఉంది. ఏ పెట్టెను పారేయమన్నారో ఆ పెట్టె వల్లే ప్రింటరు కూడా నిలిచింది.

ఆ కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న పెద్దాయన ఒకరున్నారు. కొత్త కంప్యూటర్లంటే ఆయనకు భయం. తెర మారితే చేయి తడబడుతుంది, చేయి తడబడితే తన అవసరం తీరిందంటారేమోనని. మేము అదే కీబోర్డు, అదే తెర, అదే మూల బల్ల ఆయనకు ఉంచాం. మొదటి రోజు మీట నొక్కి టాలీ తెరిచి, "నాది నాకే ఉన్నది గదా" అన్నారు. ఆయన కంప్యూటర్లో ఇప్పుడు ఏమీ లేదని చెప్పలేదు. చెబితే నమ్మేవారు కాదు.

ఇప్పుడు ఆ రెండో ముఖం. డిసెంబర్ రెండో వారం, చలికాలం, టవళ్లతో పాటు చద్దర్లకూ గిరాకీ ఉన్న రోజులు. హైదరాబాద్ పోవాల్సిన లారీ మాల్ నింపుకుని గోదాము ముందు నిలబడింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. సర్వర్ లేవలేదు. ఐదు బల్లలూ ఒక్కసారే ఆగిపోయాయి. బిల్లు లేకపోతే ఈ-వే బిల్లు లేదు, అది లేకపోతే లారీ కదలదు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కార్ఖానాదారు ఫోను చేసి ఒక్కటే మాట అన్నాడు. "కాకా, ఇదివరకు ఒకటి చెడిపోతే ఆరు నడుస్తుండె."

దానికి మా దగ్గర జవాబు లేదు. తప్పు మాదే. సర్వర్‌కు మంచిది కొన్నాం గానీ, ఖర్చు తగ్గిద్దామని పాత యూపీఎస్‌నే ఉంచాం. దాని బ్యాటరీ పోయి ఉంది, మేము పరీక్షించలేదు. ఆ కుదుపులకు సర్వర్ పవర్ సప్లై కాలింది. ఇంజిన్ గదిలో నూనె చూడని మనిషిలా ప్రవర్తించాం.

ఆ రోజు లారీని కదిలించింది మేము కాదు, ఆ పెద్దాయన. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ ప్రతి సాయంత్రం స్టాకు, పార్టీల బాకీ కాగితం మీద తీసి బొత్తిలో పెట్టుకుంటారు. ఎవరూ అడగలేదు, ఎవరూ చదవరు. ఆ కాగితం చూసి, బీరువాలో మూలనున్న బిల్లు పుస్తకంలో చేత్తో బిల్లు రాశారు. ఆ నంబరుతో కార్ఖానాదారు కొడుకు ఫోనులో ఈ-వే బిల్లు తీశాడు. మూడు గంటలు ఆలస్యంగా లారీ కదిలింది. మరునాడు మధ్యాహ్నానికి పవర్ సప్లై దొరికి సర్వర్ లేచింది. లెక్కల్లో ఒక్క పైసా పోలేదు. ఒకటిన్నర రోజు పని పోయింది.

ఆ తర్వాత నాలుగు మార్పులు చేశాం. కొత్త యూపీఎస్ పెట్టి, నెలకోసారి కావాలని ప్లగ్గు తీసి పరీక్షిస్తున్నాం. ఒక పవర్ సప్లై ముందే కొని బీరువాలో పెట్టాం. ప్రతి రాత్రి టాలీ డేటా నకలు ఆఫీసులో ఇంకో డిస్కుకు, వారానికోసారి కార్ఖానాదారు ఇంటికి పోతుంది. ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్‌ను సర్వర్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంచాం, బిల్లు కొట్టడానికి. ఐదో మార్పు మేము చేసింది కాదు. సాయంత్రం కాగితం తీయడం ఇప్పుడు ఆ ఆఫీసులో నియమం.

మిల్లుల చరిత్ర చదివినవాళ్లం, ఈ పాఠం ముందే తెలిసి ఉండాల్సింది. బలాన్ని ఒక్క చోట పెట్టినప్పుడు ఆ చోటును కాపాడటానికి మిగిలిన డబ్బులో కొంత ఖర్చు పెట్టాలి. పెట్టకపోతే అది పొదుపు కాదు, అప్పు.

ఇది చదివి రేపే పాత కంప్యూటర్లు దించుకుని మా దగ్గరికి పరుగెత్తుకు రావద్దు. ముందు మీరే లెక్క వేసుకోండి. ఇద్దరే పనిచేసే ఆఫీసైతే ఇది దండగ. డిజైన్లు గీసే కంప్యూటర్‌కు ఇది పనికిరాదు. వీడియోలు, వీడియో కాల్స్ ఈ పట్టా మీద తడబడతాయి. కరెంటు కూడా చూడాలి. పాత పెట్టె 60 వాట్లు తాగుతుందనుకుంటే, రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 180 యూనిట్లు. 15 వాట్ల చిన్న కొత్త పెట్టెకు 45 చాలు. యూనిట్ పది రూపాయలనుకుంటే పెట్టెకు ఏడాదికి 1350 రూపాయల తేడా. మరీ పాత పెంటియంలకైతే ఇంకా ఎక్కువ. అందుకే పాత పెట్టెలు పోయిన కొద్దీ ఒక్కొక్కటిగా చిన్నవి పెట్టుకోమన్నాం. ఏడూ ఒక్కరోజున కొనడం వేరు, ఏడాదికి ఒకటి కొనడం వేరు. చిన్న వ్యాపారికి ఆ గడువే ప్రాణం.

తుక్కుకు ఇచ్చేవాటి సంగతి కూడా. డిస్కు తీయకుండా ఏ కంప్యూటర్‌నూ బయటికి పంపొద్దు. అందులో మీ పార్టీల పేర్లు, బ్యాంకు లెక్కలు, ఆధార్ కాగితాలు ఉంటాయి. చెరిపేశామనుకుంటాం, చెరిగిపోవు. బోర్డుల్లో సీసం ఉంటుంది. సందుల్లో కాల్చి రాగి తీసేవాళ్లకు కాకుండా, ప్రభుత్వ నమోదు ఉన్న ఈ-వేస్ట్ కేంద్రానికే ఇవ్వండి. ఆ పొగ పీల్చేది కూడా మన బస్తీల పిల్లలే.

మన ఊళ్లో సాంచెలు ఆగుతున్నాయన్నది మనందరికీ తెలిసిన బాధ. కంప్యూటర్లు సర్దితే ఆ బాధ తీరుతుందని మేము అనడం లేదు. మా మాట చిన్నది. యంత్రం వయసు ఒక సంగతి, దాని పని అయిపోవడం ఇంకో సంగతి. ఈ రెంటినీ ఒకటిగా చెప్పేవాళ్ల దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి. మిల్లు పారేసిన సాంచకు మన తాతలు మోటారు కట్టి మూడు తరాలను పోషించారు. అట్ట మారిస్తే పాత సాంచ మీద కొత్త పువ్వు దిగుతుందని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రతి ఆదివారం ఉదయం సంఘం ఆఫీసులో ఉంటాం. ధరల పట్టీ మీద సంతకం పెట్టేముందు ఒకసారి దాన్ని పట్టుకుని రండి. పెట్టె విప్పి, బోర్డు చూసి, ఉంచాలో తీసేయాలో ఉన్నది ఉన్నట్టు చెబుతాం. మీ యూపీఎస్ బ్యాటరీ మాత్రం వచ్చే ముందే పరీక్షించుకోండి.